సుద్దగీతకీ కత్తెరకీ మధ్య

"నేను బద్ధకస్తురాలిని కాదండి." నా ఎదురుగా కూర్చున్నాక ఆవిడ నోట వచ్చిన మొదటి మాట ఇది. బద్ధకమని ఎవరన్నారని అడిగాను. "అనని వాళ్ళెవరని అడగండి, తొందరగా తేలిపోతుంది" అన్నారు.

పక్కనే కూర్చున్న కూతురు నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

వయసు 41. గుంటూరుకి దగ్గర్లో ఒక చిన్న పట్నం. ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని పద్నాలుగేళ్ళుగా జాకెట్లు కుడుతున్నారు. భర్త ఎలక్ట్రీషియన్, కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. 2023 జులై మొదటి వారం, ఆషాఢం నడుస్తోంది. మనసు సమస్యలకి చికిత్స చేసే నా దగ్గరికి తల్లిని బస్సెక్కించి తీసుకొచ్చింది ఆ పిల్లే. వచ్చే ముందు బీరువా తలుపు తీసి, కుట్టకుండా ఉండిపోయిన కవర్లు లెక్కపెట్టింది కూడా. ముప్ఫై ఏడు. "ఉగాదికి ముందు తీసుకున్నవి కూడా ఉన్నాయి ఆంటీ" అంది. పిల్లలు ఆంటీ అంటే నేను దిద్దను.

ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. కుట్టుపని వివరాలు మాత్రం అలాగే ఉంచాను. అవి మారిస్తే చెప్పడానికి కేసే ఉండదు.

వచ్చినప్పటి పరిస్థితి

ఒక్కో కవర్లో ఒక జాకెట్టు ముక్క, కొలత కోసం ఇచ్చిన ఒక ఆది జాకెట్టు, ఎప్పటికి కావాలో రాసిన చీటీ. తేదీ దాటిపోయిన చీటీలే ఎక్కువ. కస్టమర్లు ఫోన్ చేస్తే ఎత్తరు. గేటు దగ్గరికి వస్తే కూతురు బయటికెళ్ళి "అమ్మ గుడికెళ్ళింది" అని చెప్పాలి. "మా ఊళ్ళో నాకన్నా ఎక్కువసార్లు గుడికెళ్ళినావిడ ఉండదు మేడమ్" అన్నారు. ఈసారి కొంచెం నవ్వారు.

అలాగని ఖాళీగా ఉన్నారా అంటే లేరు. పొద్దున ఆరున్నరకి మిషన్ ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తారు. చీరలకి ఫాల్ వేస్తారు, పీకో చేస్తారు, హుక్కులు కుడతారు, బిగుతైపోయిన పాత జాకెట్లు విప్పి వదులు చేస్తారు. చేతులు ఆగవు. కానీ ఆ ఇల్లు నడిచేది లైనింగ్ జాకెట్ల మీద. ఫాల్, పీకో డబ్బులు కూరగాయలకి వస్తాయి, కాలేజీ ఫీజుకి రావు. సంపాదన సగానికి పడిపోయింది. భర్త దృష్టిలో ఇది ఒళ్ళు వంచకపోవడం. అత్తగారి దృష్టిలో దిష్టి. మిషన్‌కి నిమ్మకాయ కూడా కట్టించారట.

పక్క పనులన్నీ చక్కబెట్టుకుంటూ అసలు పని దగ్గరికి రాలేకపోవడం నా గదిలో తరచూ చూసేదే. బయటివాళ్ళకి అది బద్ధకంలా కనబడుతుంది. బద్ధకమున్న మనిషి కనీసం హాయిగా నిద్రపోతాడు. ఈవిడ తెల్లవారుజామున మూడింటికి లేచి బీరువా వైపు చూస్తూ కూర్చుంటున్నారు.

ఏది కాదో తేల్చుకోవడం

"పని మొదలుపెట్టలేకపోతున్నాను" అనే ఒక్క మాట వెనక అరడజను వేరు వేరు విషయాలుండొచ్చు. మొదటి రెండు సెషన్లు దానికే పెట్టాను.

డిప్రెషన్ ఉందేమో చూడటానికి పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 పాయింట్లు. ఆవిడకి 11 వచ్చింది. 10 నుంచి 14 దాకా మధ్యస్థం కింద లెక్క. చచ్చిపోవాలనే ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకి సున్నా పెట్టారు. కాగితం మీద సున్నా ఉన్నా నోటితో కూడా అడగడం నా అలవాటు. అడిగాను, లేవు. అయితే డిప్రెషన్లో మామూలుగా అన్ని పనులూ బరువెక్కుతాయి, స్నానం, వంట, జడ వేసుకోవడంతో సహా. ఈవిడకి బరువెక్కింది ఒక్క పనే. ఆ 11 పాయింట్లలో ఎక్కువ భాగం నిద్ర లేకపోవడం, నీరసం, "నేనెందుకూ పనికిరాను" అనుకోవడం నుంచి వచ్చాయి. పని ఆగాక దిగులొచ్చిందా, దిగులొచ్చి పని ఆగిందా అని నెలల వరస వేసి చూస్తే, ముందు ఆగింది పనే.

నీరసం అన్నారు కాబట్టి రక్తపరీక్షలకి తెలిసిన ఫిజీషియన్ దగ్గరికి పంపాను. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ 9.6. గర్భిణులు కాని ఆడవాళ్ళలో 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో నా లెక్కల్ని ఇదే పాడుచేస్తుంది.

ఏడీహెచ్‌డీ (దేని మీదా ధ్యాస నిలవని సమస్య) ఏమోనని కూతురు అడిగింది. ఈమధ్య రీల్స్ చూసి తమకి తామే నిర్ధారించుకుని వచ్చేవాళ్ళు బాగా పెరిగారు కాబట్టి ఆ ప్రశ్నకి నేను సిద్ధంగానే ఉంటాను. మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం ఆ లక్షణాల్లో కొన్నైనా 12 ఏళ్ళ లోపే కనబడి ఉండాలి. ఈవిడ చిన్నప్పుడు హోంవర్క్ ఎగ్గొట్టిన మనిషి కాదు, పెద్దయ్యాక పదమూడేళ్ళు టయానికి జాకెట్లు ఇచ్చిన మనిషి. కొలతలు నాలుగైదుసార్లు సరిచూసుకుంటారని తెలిశాక ఓసీడీ, అంటే చేసిందే మళ్ళీ మళ్ళీ చేయాలనిపించే సమస్య, ఉందేమోనని కూడా ఆలోచించాను. తాళాల దగ్గర, గ్యాసు దగ్గర, చేతులు కడుక్కోవడంలో అలాంటిదేమీ లేదు. సరిచూడటమంతా కటింగ్ బల్ల దగ్గరే.

మొదటి సెషన్లోనే ఇంకో మాట కూడా అన్నారు. "మాఘంలో ఒక పెళ్ళి జాకెట్టు పాడైంది. డబ్బులిచ్చేశాను. అయిపోయింది." నా నోట్స్‌లో దానికి ఒక లైను ఉంది. ఒక్క లైనే.

నేను చేసిన తప్పు

స్కోరులో దిగులు కనబడుతోంది, పని తప్పించుకోవడం కనబడుతోంది. దాంతో నాకు బాగా అలవాటైన దారిలోనే వెళ్ళిపోయాను. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు దాన్ని. మూడ్ వచ్చాక పని చేద్దామని కూర్చోకుండా, ముందు పని పెట్టుకుంటే మూడ్ వెనకే వస్తుందనే లెక్క మీద రోజుని చిన్న చిన్న పనులుగా రాసుకోవడం. డిప్రెషన్‌కి గట్టి ఆధారాలున్న పద్ధతే. దానికి ఐదు నిమిషాల నియమం ఒకటి కలిపాను. రోజూ పొద్దున ఏడింటికి బీరువాలోంచి ఒక కవరు తీయాలి, ఐదు నిమిషాలు ఆ జాకెట్టు పని చేయాలి, చాలనిపిస్తే ఆపేయొచ్చు, చేసిన రోజు నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకోవాలి.

రెండు వారాలకి నోట్‌బుక్ తెచ్చారు. పద్నాలుగు రోజుల్లో పన్నెండు టిక్కులు. నాకు భలే సంతోషమేసింది. ఎన్ని జాకెట్లు అయ్యాయని అడిగాను. ఒక్కటీ అవలేదు.

ఎలాగంటే, కవరు తీసేవారు. ముక్క పరిచి ఇస్త్రీ చేసేవారు. ఆది జాకెట్టు పెట్టి సుద్దతో గీసేవారు. అప్పటికి ఐదు కాదు, ఇరవై నిమిషాలయ్యేది. తర్వాత మడతపెట్టి మళ్ళీ కవర్లో పెట్టేసేవారు. "చాలనిపిస్తే ఆపేయమన్నది మీరేగా మేడమ్."

"మడతపెట్టేశాక ఎలా ఉంటుంది?"

"హాయిగా ఉంటుందండి. ఒక పది నిమిషాలు."

ఆ పది నిమిషాల హాయి నేను మొదటి రోజే అడగాల్సింది. పనులు వాయిదా వేయడం గురించి ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే పరిశోధకులు 2013లో ఒక వ్యాసం రాశారు. వాయిదా అన్నది టైమ్ వాడుకోవడం రాకపోవడం కన్నా, ఆ పనిని తలుచుకుంటే మనసుకి కలిగే ఇబ్బందిని ఆ క్షణానికి దింపుకునే ఉపాయం అన్నది వాళ్ళ వాదన. ఇబ్బంది దిగుతుంది కాబట్టే ఆ ఉపాయం అలవాటవుతుంది. కవరు మూసిన ప్రతిసారీ ఆవిడకి బహుమతిగా హాయి దొరుకుతోంది. అంటే నా ఐదు నిమిషాల నియమం పని మొదలుపెట్టడం నేర్పలేదు. కత్తెర దాకా వచ్చి వెనక్కి తిరగడాన్ని పన్నెండు రోజులు సాధన చేయించింది. పైగా టిక్కు కూడా పెట్టించింది.

ఆ నియమం చెడ్డదని కాదు. గ్రూప్స్‌కి చదువుకునే ఒకబ్బాయికి అదే బ్రహ్మాండంగా పనిచేసింది. అతను ఆగిపోయేది పుస్తకం తెరవడం దగ్గర. తెరిస్తే గంటన్నర లేచేవాడు కాదు. ఒక లెక్చరర్ గారికి మెయిల్ రాయడం సమస్య కాదు, పంపే బటన్ నొక్కడం సమస్య. డ్రాఫ్టుల్లో గుట్టలు పడి ఉండేవి. ముగ్గురూ నాతో చెప్పింది ఒకే మాట, మొదలుపెట్టలేకపోతున్నామని. ముగ్గురూ ఆగేది మూడు చోట్ల. ఆ చోటు ఎక్కడో చూడకుండానే ఈవిడకి మందు రాసేశాను.

కత్తెర తెచ్చిన రోజు

నాలుగో సెషన్‌కి కత్తెర, సుద్ద, టేపు, ఒక న్యూస్‌పేపరు, కొంచెం లైనింగ్ గుడ్డ, బీరువాలోంచి ఏదో ఒక కవరు పట్టుకుని రమ్మన్నాను. ఆగస్టు మొదటి వారం. బల్ల మీద ఫైళ్ళన్నీ తీసి కింద పెట్టాను. రిసెప్షన్లో అమ్మాయి లోపలికి తొంగిచూసి, ఏమీ అనకుండా తలుపు దగ్గరికి వేసింది.

తెచ్చింది ఆకుపచ్చ పట్టు ముక్క. చేతులకి జరీ బోర్డరు రావాలి. మీరు ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేయండి, నేను చూస్తుంటాను అన్నాను.

ముక్కని తిరగేసి పరిచారు. ఆది జాకెట్టుని దాని మీద పెట్టి అరచేత్తో సర్దారు. చంక దగ్గర సుద్ద ఒక్క తిప్పు తిప్పారు, మెడ లోతు వేళ్ళతోనే కొలిచారు, కుట్లలోకి పోయే బట్ట వదిలి బయట రెండో గీత గీశారు. కాసేపట్లో ముక్కంతా తెల్లగీతలు. ఇదంతా కబుర్లు చెబుతూనే. కూతురి ఫిజిక్స్ ట్యూషన్ గురించి, బస్సులో సీటు దొరక్కపోవడం గురించి.

అప్పుడు కత్తెర అందుకున్నారు. కింది బ్లేడు బట్ట కిందికి దూర్చారు. మాట ఆగిపోయింది. కత్తెర వెనక్కి తీశారు. టేపుతో భుజం మళ్ళీ కొలిచారు. మళ్ళీ దూర్చారు, మళ్ళీ తీశారు. సుద్దగీత కాస్త దులిపేసి మళ్ళీ గీశారు, సరిగ్గా ముందు గీసిన చోటే. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, ఆవిడ పై పెదవి మీద చెమట. ఏడు నిమిషాల్లో నాలుగుసార్లు కత్తెర వెళ్ళి వచ్చింది. ఐదోసారి తీసి, "ఇక్కడ లైటు సరిగ్గా లేదండి" అన్నారు.

"ఇంట్లో అయితే ఇక్కడికొచ్చేసరికి ఏమనుకుంటారు?"

కొంచెంసేపు ఆలోచించారు. "ఇదే అనుకుంటాను. లైటు సరిగ్గా లేదు, రేపు పొద్దున వెలుతురులో చూద్దామని."

బ్లేడు బట్ట కిందికి వెళ్ళగానే కళ్ళ ముందు ఏం కనబడుతుందని అడిగాను. అప్పుడొచ్చింది మాఘమాసం సంగతి.

పెళ్ళికూతురి జాకెట్టు. చీరతోపాటు వచ్చిన ముక్క, బోర్డరు ఒక పక్కే ఉంది. మామూలుగా అయితే బట్టని రెండు మడతలు వేసి కట్ చేస్తారు, రెండు చేతులూ కుడి ఎడమలుగా వాటంతటవే వస్తాయి. బోర్డరు సరిపెట్టడానికి ఈసారి ఒక్కో చెయ్యీ విడిగా కట్ చేయాల్సి వచ్చింది. చంక దగ్గర ముందు వైపు వంపు ఎక్కువ, వెనక వైపు తక్కువ. అందుకని ఒక చెయ్యి గీశాక రెండోదాన్ని తిరగేసి గీయాలి. రాత్రి పదకొండయింది, మధ్యలో కరెంటు పోయి వచ్చింది, తిరగేయడం మర్చిపోయారు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. పట్టుకి మంచి వైపు ఒకటే, తిప్పి కుట్టడానికి లేదు. బోర్డరు ఇంకో ముక్క మిగల్లేదు. పెళ్ళి నాలుగు రోజులుంది. పెళ్ళికూతురి తల్లి వీధిలో నిలబడి ఆ రెండు ముక్కల్నీ గుమ్మంలోకి విసిరేసింది. చేతకాని పని ఎందుకు పెట్టుకోవాలి అంది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారు.

డబ్బులిచ్చేయడం నిజమే. అయిపోవడమే నిజం కాదు.

ఈ పద్నాలుగేళ్ళలో ఎన్ని జాకెట్లు కుట్టి ఉంటారని అడిగి, ఇద్దరం కలిసి లెక్కవేశాం. నాలుగు వేల పైమాటే. అందులో పాడైనవి మూడు, రెండు మొదటి ఏడాదివే. ఈ లెక్క చూసి మనసు కుదుటపడుతుందని మా పాఠాల్లో ఉంటుంది. లెక్క ఆవిడకి నచ్చింది, చేతికి నచ్చలేదు. కత్తెర మళ్ళీ అక్కడే ఆగింది.

మెట్లు

భయం నూటికి ఎంత ఉందని అడగడం మా పద్ధతి. ఈవిడకి రూపాయికి ఎన్ని పైసలంటే వెంటనే అందింది. న్యూస్‌పేపరు మీద కత్తెర పెడితే పది పైసలు. కొత్త లైనింగ్ మీద ముప్ఫై. కస్టమర్ ఇచ్చిన కాటన్ ముక్క అయితే యాభై ఐదు. బోర్డరు లేని పట్టు డెబ్బై ఐదు. చేతులకి బోర్డరున్న పట్టు తొంభై ఐదు. ఆ ఐదు పైసలు ఎందుకు వదిలేశారంటే, "పెళ్ళికూతురిది కాదుగా" అన్నారు.

కింది మెట్టు నుంచి ఎక్కడం, ఒక్కో మెట్టు మీద భయం దిగేదాకా అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం, ఇది ఎక్స్‌పోజర్ పద్ధతి తెలిసినవాళ్ళందరికీ తెలిసిందే. రెండు చోట్ల మాత్రం ఆవిడే నాకు దారి చూపించారు.

మొదటిది, సరిచూసుకోవడం. భయం తగ్గాలంటే ఈ సరిచూడటం పూర్తిగా మానేయాలని నేను చెప్పబోయాను. "సరిచూసుకోకుండా కత్తెర పెట్టే టైలరు ఎవరండీ?" అని కొంచెం కోపంగానే అడిగారు. ఆవిడన్నదే సబబు. ఒకసారి చూసుకోమనేది వృత్తి, ఐదోసారి చూసుకోమనేది భయం. అందుకని ఒక్కసారే చూడాలి, అదీ నిజంగా తప్పు జరిగే చోట చూడాలి అనుకున్నాం. భుజం కొలత ఎప్పుడూ తప్పలేదు, తప్పింది చేతుల దగ్గర. కాబట్టి చేతులు గీశాక ఒకదానిలో "ఎ", ఇంకోదానిలో "కు" అని సుద్దతో రాయాలి, ముందు వంపులు ఎదురెదురుగా ఉన్నాయో లేదో ఒక్కసారి చూడాలి. అక్షరాలు రాశాక టేపు బల్ల మీద ఉండకూడదు, మిషన్ సొరుగులోకి పోవాలి. ఈ సొరుగు నియమం ఆవిడ పెట్టుకున్నదే.

రెండోది, మొదటి కత్తిరింపు. మీరు మామూలుగా ఎక్కడ మొదలుపెడతారని అడిగాను. మెడ దగ్గర. మొదటినుంచీ అదే అలవాటు. కానీ మెడ ఎక్కువ కట్ అయితే ఇక చేసేదేమీ ఉండదు. కొంచెం తప్పినా పర్వాలేని చోటు ఏదైనా ఉందా?

"పక్క కుట్టు దగ్గర ఉంటుందండి. రేపు మనిషి లావైతే విప్పుకోవడానికి అక్కడ అంగుళం పైనే లోపలికి వదులుతాం."

అని, కాసేపు ఆగి, మెడ కూడా గీత మీదే కట్ చేయక్కర్లేదు, అరంగుళం పైకి కట్ చేసుకుని తర్వాత దింపుకోవచ్చు అన్నారు. ఇంకాసేపటికి, ముందు లైనింగ్ కట్ చేసి ఆది మీద వేసి చూసుకుంటే పట్టు దగ్గరికి వచ్చేసరికి సగం టెన్షన్ ఉండదు అన్నారు. ఇవేవీ నేను చెప్పినవి కావు, నాకు తెలిసినవీ కావు. ఆవిడకి తెలిసినవే. కత్తెర పెడితే ఇక వెనక్కి లేదన్న ఒక్క ఆలోచన మిగతావన్నీ కప్పేసింది.

ఆరోజు న్యూస్‌పేపరు ఆరుసార్లు కట్ చేశారు, లైనింగ్ రెండుసార్లు. ఆకుపచ్చ పట్టు అలాగే కవర్లోకి వెళ్ళిపోయింది. దాని వంతు వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను.

ఇంటికి పట్టుకెళ్ళడానికి ఒక్క వాక్యం రాసుకున్నాం. ఇది పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. "ఈ వారం జాకెట్లు కుడతాను" అని గట్టిగా అనుకోవడం కన్నా, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముడివేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది. 2006లో ఆయనా, పాస్కల్ షీరన్ కలిసి 94 పరిశీలనల్ని ఒకచోట వేసి చూస్తే ఫలితం మధ్యస్థానికి పైనే తేలింది. ఆవిడ రాసుకున్న వాక్యం: "పొద్దున టీ గ్లాసు కడిగి బోర్లించగానే, కత్తెర తీసుకుని పక్క కుట్టు గీత మీద మొదటి కత్తిరింపు వేస్తాను."

ఈ వాక్యంలో కవరు తీయడం లేదు, ఇస్త్రీ లేదు, సుద్ద లేదు. అవన్నీ ముందు రోజు రాత్రే చేసి, బల్ల మీద పాత దుప్పటి కప్పి పడుకోవాలి. వాటికి భయం లేదు కాబట్టి రాత్రి అలసటలో కూడా అవుతాయి. పొద్దున లేచాక దుప్పటి తీస్తే నేరుగా కత్తెరే. నోట్‌బుక్‌లో టిక్కు అర్థం కూడా మార్చాం. కత్తెర రెండు బ్లేడులూ ఒక్కసారి కలిస్తేనే టిక్కు. ఆ తర్వాత ఆపేసినా సరే. ఒక కత్తిరింపు పడ్డ ముక్కని మళ్ళీ మడతపెట్టి కవర్లో పెట్టబుద్ధి కాదని ఆవిడే రెండో రోజు ఫోన్ చేసి చెప్పారు.

ఇంట్లో వాళ్ళు, బయట వాళ్ళు

భర్తని ఒక సెషన్‌కి రమ్మన్నాను. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. చేతుల సంగతి ఆవిడ్నే చెప్పమన్నాను. జాకెట్టు పాడైందని, డబ్బులు కట్టారని ఆయనకి తెలుసు. ముక్కలు విసిరికొట్టారని తెలియదు. "నాకు చెప్పలేదే" అన్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆ ఆదివారం కటింగ్ బల్ల మీద కొత్త ట్యూబ్ లైట్ బిగించాడు. ఇది చికిత్సలో భాగమా అంటే కాదు. కానీ లైటు సరిగ్గా లేదనే మాట ఆ తర్వాత నాకు వినబడలేదు.

ఆ ఏడు అధిక శ్రావణం రావడం మాకు కలిసొచ్చింది. జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు, వరలక్ష్మీ వ్రతం 25కి వెళ్ళింది. ఆ గడువు చూసుకుని తల్లీకూతుళ్ళు కూర్చుని ముప్ఫై ఏడు మందికీ తేదీలు వేసి మెసేజ్‌లు పెట్టారు. నలుగురు వచ్చి ముక్కలు వెనక్కి తీసుకెళ్ళిపోయారు. ఒకావిడ ఫోన్లో బాగా తిట్టింది. "తిట్టింది కానీ మేడమ్, తిడుతున్నంతసేపూ వినగలిగాను" అన్నారు. నా నోట్స్‌లో ఈసారి దానికి అరపేజీ ఉంది.

జారిన వారం

వ్రతం ముందు వారం కాటన్ మెట్టు దాటి మామూలు పట్టు మీదికి వచ్చారు. రోజుకి రెండు, ఒక్కోరోజు మూడు జాకెట్లు. ఆగస్టు చివర్లో ఒక కస్టమర్ చెయ్యి బిగుతుగా ఉందని తెచ్చిచ్చింది. పావుగంటలో విప్పి వదులు చేసి ఇచ్చేశారు. ఆ మర్నాడు టీ గ్లాసు బోర్లించి, దుప్పటి తీయకుండా, చీరలకి ఫాల్ వేసుకుంటూ కూర్చున్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు నాకు ఫోన్.

ఇలాంటప్పుడు "మీరింత దూరం వచ్చారు కదా" అని ధైర్యం చెప్పాలనిపిస్తుంది. నేను చెప్పలేదు. ఏ మెట్టు మీద ఉన్నారని అడిగాను. పట్టు ఇప్పుడెన్ని పైసలు? ఎనభై ఐదు. లైనింగ్? ఇరవై. అయితే ఈరోజు లైనింగే కట్ చేయండి, నాలుగు కవర్లవి, పట్టు ముట్టుకోవద్దు అన్నాను. సాయంత్రానికి నాలుగు లైనింగులు అయ్యాయి. మర్నాడు మామూలుగా వెళ్ళింది. ఆ తర్వాత నుంచి ఒక అలవాటు చేసుకున్నారు. రాత్రి మిషన్ కట్టేసే ముందు మర్నాటి జాకెట్టు లైనింగ్ కట్ చేసి పెట్టేయడం. అంటే పొద్దున లేచేసరికి ఆ జాకెట్టు ముందే మొదలై ఉంటుంది.

సెప్టెంబరు మూడో వారంలో ఒక పొద్దున నాకు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, మాటలేమీ లేవు. ఆకుపచ్చ పట్టు, కత్తిరించిన రెండు చేతులు, ఒకదానికొకటి ఎదురుగా. ఒకదానిలో "ఎ", ఇంకోదానిలో "కు".

లెక్కలు

జులై నుంచి సెప్టెంబరు చివరికి మొత్తం పది సెషన్లు. ముప్ఫై ఏడులో నలుగురు వెనక్కి తీసుకున్నవి పోగా ఇరవై ఎనిమిది కుట్టి ఇచ్చేశారు, ఐదు మిగిలాయి. పీహెచ్‌క్యూ-9 11 నుంచి 5కి దిగింది. హిమోగ్లోబిన్ 11.3కి ఎక్కింది.

చిక్కు ఈ చివరి అంకెతోనే. రక్తం పెరిగితే నీరసం తగ్గుతుంది, స్కోరులో ఆ పాయింట్లు వాటంతటవే పోతాయి. ఆవిడ కోలుకోవడంలో ఐరన్ మాత్ర వాటా ఎంతో, కత్తెర వాటా ఎంతో ఒక్క కేసుతో విడదీసి చెప్పలేను. అధిక మాసం ఇచ్చిన వెసులుబాటు ఉంది, ట్యూబ్ లైట్ ఉంది, భర్త మాట తగ్గించడం ఉంది. నాకు ఒక్కటే కొంచెం గట్టి ఆధారం. ఐరన్ మొదలైన మొదటి రెండు వారాల్లోనే ఆవిడ రోజూ ఇస్త్రీ, గీత దాకా వచ్చేవారు. ఓపిక అప్పటికే ఉంది. కత్తెర మాత్రం మెట్లు మొదలుపెట్టిన వారంలోనే కదిలింది. అలాగే ఆగస్టు చివర్లో పని మళ్ళీ ఆగినప్పుడు, రక్తం తగ్గలేదు, చెయ్యి బిగుతైందన్న మాట వచ్చింది.

ఇంకోసారి ఇలాంటి కేసు వస్తే ఏం మారుస్తానంటే, మొదటి సెషన్లోనే "ఆ పని నా ముందు చేసి చూపించండి" అంటాను. కత్తెర అయితే కత్తెర, లాప్‌టాప్ అయితే లాప్‌టాప్. మనిషి నోటితో చెప్పేదాంట్లో ఆగే చోటు ఉండదు. ఆవిడకే తెలియదు కదా తను కింది బ్లేడు దగ్గర ఆగుతున్నానని. బట్ట చూడగానే దిగులని, మిషన్ ఎక్కబుద్ధి కాదని చెప్పేవారు. నిజానికి బట్ట దగ్గరా ఏమీ లేదు, మిషన్ దగ్గరా ఏమీ లేదు.

డిసెంబరులో ఫాలో-అప్‌కి ఒక్కరే వచ్చారు, కూతురు లేకుండా. బీరువాలో తొమ్మిది కవర్లున్నాయి, అన్నీ ఆ వారానివే. పెళ్ళికూతుళ్ళ జాకెట్లు ఇంకా ఒప్పుకోవట్లేదు. ఇద్దరు అడిగితే వేరే టైలర్ దగ్గరికి పంపేశారు. "మాఘం రానీయండి, చూద్దాం" అన్నారు. మాఘానికి ముందు ఇంకో రెండుసార్లు రమ్మని తేదీలు ఇచ్చాను. బోర్డరున్న పట్టు ఇప్పుడు నలభై పైసలట. పెళ్ళికూతురిది అయితే ఎంత అంటే చెప్పలేదు, సుద్ద పట్టుకున్నట్టు వేళ్ళు రెండూ కలిపి చూసుకున్నారు.

లేచేముందు, "మీ ఆది జాకెట్టు ఒకటి ఇవ్వండి మేడమ్, కుట్టి పెడతాను. ఊరికే వద్దులెండి, డబ్బులు తీసుకుంటాను" అన్నారు. మా వృత్తిలో అది కుదరదని, ఇంకా మీరు నా దగ్గరికి వస్తున్నారు కదా అని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. అనుకున్నది నేనే. వాయనాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు మా ఇంట్లో ఎనిమిది ఉన్నాయి.